సత్తయ్య బండికి కొత్త కంప్రెషర్

మా ఎంకపల్లిల మా ఇంటికి ఎదురుగ సత్తయ్య ఇల్లు. మా ఇంటాయనకు చిన్నాయన కొడుకు, నాకు మరిది. యాభై ఆరేండ్లు నిండినయి. ఇన్నేండ్లల్ల ఆయన సొంత చేతులతోని చేసిన పని ఏదన్న ఉన్నదా అని ఒకనాడు కూసొని శాన ఆలోచించిన. మీసానికి రంగు వేసుకునుడు ఒక్కటే యాదికొచ్చింది. అది గూడ ఎడమ దిక్కు ఎక్కువ, కుడి దిక్కు తక్కువ.

పని రాదు సరే, రాదని ఒప్పుకునే అలవాటు గూడ లేదు. బోరు వేసేటోళ్లు వస్తే బోరు ఎట్ల వెయ్యాల్నో వాళ్లకే చెప్తడు. కరెంటాయన స్తంభం ఎక్కితే ఏ తీగ పట్టుకోవాల్నో కింద నిలబడి చెప్తడు. ఆయన చెప్పిన తీగ పట్టుకోలేదు గనుక ఆ కరెంటాయన ఇయ్యాల్టికి పెండ్లాం పిల్లలతోని బతికున్నడు. మా ఇంట్ల మిక్సీ ఆగిపోతే "నేను చూస్త వదినా" అని వచ్చి అడుగుభాగం ఇప్పిండు. ఏడు స్క్రూలు ఇప్పి ఐదు పెట్టిండు. మిగిలిన రెండు నా చేతుల పెట్టి, "కంపెనీ వాళ్లు భయానికి ఎక్కువేస్తరు, ఇవి అక్కరలేదు" అన్నడు. ఆ మిక్సీ మల్ల తిరగలే.

రాజకీయం గూడ చేసిండు. వార్డు మెంబరుకు నిలబడి ఒకసారి ఓడిండు. రెండోసారి ఆ వార్డు ఆడోళ్లకు పోతే పెండ్లాం మణెమ్మను నిలబెట్టిండు. మణెమ్మ గెలిచింది. గెలిచింది మణెమ్మ, దండ వేయించుకున్నది సత్తయ్య. ఐదేండ్లు ఆమె పోయి సంతకం పెట్టి వచ్చి బర్రె పాలు పిండుకున్నది, ఈయన పంచాయతి ఆఫీసుల కుర్చీల కూసొని కాలు మీద కాలేసిండు.

ఇగ బండి సంగతి. కనకమామిడి దిక్కు ఫాంహౌస్ కట్టుకున్న సిటీ ఆయన ఒకడు కొత్త కారు కొనుక్కొని పాతదాన్ని వదిలించుకోవాలని చూస్తుండె. ఏడుగురు పట్టే తెల్ల బండి, పద్దెనిమిదేండ్లది. దాన్ని సత్తయ్య తెచ్చిండు. ఏసీ బటన్ నొక్కితే లైటు మంచిగ వెలుగుతది, గాలి మాత్రం పొయ్యి ముందల కూసున్నట్టు వస్తది.

"ఇదేంది సత్తయ్యా, ఏసీ చెడిపోయిందా?" అని నేనడిగిన.

"చెడిపోలే వదినా. ఏసీ గాలి మనకు పడదు. కీళ్లు పట్టుకుంటయి."

మూడు ఎండకాలాలు గట్లనే కీళ్లను కాపాడుకున్నడు. ఈ ఏప్రిల్ల మాత్రం ఒక్కసారిగ కీళ్లకు బలమొచ్చింది. ఎందుకంటే సిటీల ఉండే వాళ్ల పార్టీ లీడర్ ఒకాయన చేవెళ్లల పెండ్లికి రావాలె. ఆయన బండి ఆ దినం ఏదో పని మీద వేరేకాడికి పోతదంట. మొయినాబాద్ల దిగితే అక్కడికెల్లి చేవెళ్ల ఫంక్షన్ హాలు దాంక ఎవరు తీస్కపోతరు అని మాట వచ్చింది. సత్తయ్య చెయ్యి లేపిండు. లీడర్ మనిషి ఒకే ఒక్క మాట అడిగిండంట, "ఏసీ ఉన్నదా?" అని. ఈయన, "ఉన్నదా అంటవేందన్నా, దుప్పటి కప్పుకోవాలె" అన్నడంట. పెండ్లి బుధవారం. ఈ మాట జరిగింది గురువారం. నడుమ ఐదు దినాలు, కారుల చూస్తే పొయ్యి.

పెద్ద రోడ్డు మీదికెల్లి మా ఊరికి మలిగే గేటు కాడ, రోడ్డు పక్కకు శాంసన్ షెడ్డు ఉన్నది. మా పక్క ఊరు హిమాయత్‌నగర్ సాముయేలు కొడుకు. పన్నెండేండ్లు సిటీల ఒక ఉస్తాద్ కింద కార్ల ఏసీల పని నేర్చుకున్నడు. ఈ సంక్రాంతి పోయినంక ఉస్తాద్ దీవెన తీసుకొని వచ్చి సొంతంగ నాలుగు రేకులు వేసుకున్నడు. పని మంచిగ చేస్తడు, మాట తక్కువ. ఆయన దగ్గరికి వచ్చేటోళ్లంత ఫాంహౌస్‌ల డ్రైవర్లు. వాళ్లదంత ఒక గుంపు. ఒకడు "మంచోడు" అంటే పదిమంది వస్తరు, ఒకడు "చెడ్డోడు" అంటే ఆ పదిమంది ఫోన్లల్లనే ఆగిపోతరు. షెడ్డు పెట్టి నాలుగు నెలలు కాలే. శాంసన్‌కు ఇంకా నిలకడ గిరాకీ లేదు, పేరు ఒక్కటే ఉన్నది. ఆ పేరు పోతే మల్ల సిటీకి పోయి ఒకరి కింద నిలబడుడే. ఈ ముచ్చట ఆయన భార్య విజయరాణి నాతోని రెండుసార్లు చెప్పింది. నేను మూడుసార్లు అడిగిన గనుక.

శుక్రవారం పొద్దున సత్తయ్య బండి షెడ్డుకు తీస్కపోతుంటే నేను గూడ ఎక్కి కూసున్న. "నీకేం పని వదినా?" అన్నడు. "చూడనీకి" అన్న. అంతకు మించిన పని నాకేముంటది?

శాంసన్ బోనెట్ లేపి, ఇంజన్ పక్కకు ఉన్న ఇనుప డబ్బసొంటి దాన్ని చేతితోని తిప్పి చూసిండు. తిరగలే.

"పటేలా, కంప్రెషర్ పట్టేసింది. ఇది ఇప్పి బాగుచేసేది గాదు. కొత్తది వెయ్యాలె. తడి గుంజుకునే డ్రయర్ సీసా మార్చాలె, పైపులు కడగాలె."

"పైపులెందుకు కడుగుడు? మూడేండ్ల సంది గాలి తప్ప ఏం పోలే దాంట్ల."

"పాతది అరిగినప్పుడు ఇనుప పొడి పైపులల్లకు పోతది. కడగకుంటే కొత్తదాన్ని గూడ తింటది."

నాకు ఆగబుద్ధి కాలే. "శాంసనూ, అసలు ఇది ఏం చేస్తది బిడ్డా?" అన్న.

వేరేటోడైతే కసురుకుంటుండె. శాంసన్ చేతులు తుడుచుకొని చెప్పిండు. "గ్యాసును గట్టిగ పిండి ముందటి జాలీలకు తోలుతది పెద్దమ్మా. ఆడ అది వేడి వదులుకొని నీళ్లోలె అయితది. మల్ల డ్యాష్‌బోర్డు వెనుక ఒక సన్న సందులకెల్లి దూరి సల్లబడ్తది. తిరిగి దీని దగ్గరికే వస్తది. దీనికి రెండు నోర్లు, ఒకదాంట్ల తీసుకుంటది, ఒకదాంట్ల వదుల్తది."

"నోట్లకు దుమ్ము పోతే?"

"ఆవకాయ జాడీల తడి చెయ్యి పెడితే ఏమైతది?"

"బూజు పట్టి జాడీ అంత పోతది."

"గంతే పెద్దమ్మా."

ఆ మాట నాకు పూర్తిగ అర్థమయింది. అర్థమయిందనే చెప్తున్న, ఎందుకో ముందటికి తెలుస్తది.

సామాను తాను తెప్పిస్త అని శాంసన్ అంటే సత్తయ్య నవ్విండు. "నువ్వు తెచ్చి నడుమ నీ వాటా తీసుకుంటవా? రాణిగంజ్‌ల నాకు తెల్వని దుకాణం లేదు." ఆయనకు తెలిసిన దుకాణం ఒక్కటి గూడ లేదు. శాంసనే కాయితం మీద మోడల్ రాసి, దుకాణం పేరు రాసి, బస్సు దిగి ఎటు నడవాల్నో గూడ రాసిచ్చిండు. ఇచ్చుకుంట ఒక మాట గట్టిగ చెప్పిండు.

"పటేలా, కొత్తదాని రెండు నోర్లకు నల్ల మూతలుంటయి. బిగించేటప్పుడు అవి నేనే తీస్త. అప్పటిదాంక ఎవ్వరు ముట్టొద్దు."

"ఏందిర, నాకు చెప్తున్నవా?" అన్నడు సత్తయ్య. ఆయనకు ఎవరన్న ఏదన్న చెప్తే తిట్టినట్టే ఉంటది.

శుక్రవారం సాయంత్రం డబ్బ తెచ్చిండు. శనివారం ఇనుము పని వద్దన్నడు. ఆదివారం శాంసన్ చర్చికి పోతడు. గందుకని సోమవారం బిగించాలె అనుకున్నరు. ఆదివారం పొద్దున మంచి గడియ ఉన్నదని సత్తయ్య కంప్రెషర్‌కు ఇంట్లనే పూజ పెట్టిండు. కొత్త బండికి పూజ చేస్తరు, ట్రాక్టర్‌కు చేస్తరు, బోరు మోటర్‌కు చేస్తరు. నేను గూడ చేస్త. బొట్టు ఎక్కడ పెట్టాల్నో తెలిసి పెడ్తే ఏ మిషన్ చెడిపోదు. ఈయనకు తెలిస్తే గద.

గోడ మీదికెల్లి చూస్తే కనవడ్తలేదని నేను వాళ్లింట్లకే పోయిన. మణెమ్మ పొయ్యి కాడ ఉండి, "అక్కా, జర అక్షింతలు కలుపు" అన్నది. కలిపిన. బియ్యం, పసుపు, రెండు చుక్కల నెయ్యి. తట్ట పట్టుకొని నిలబడ్డ. సత్తయ్య కంప్రెషర్‌ను పీట మీద పెట్టి, మూడు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసిండు. అప్పటిదాంక బాగనే ఉన్నది. అప్పుడు ఆ నల్ల మూతల దిక్కు చూసి మొకం ముడిచిండు.

"నోరు మూసుకున్నదానికి పూజ చేస్తే లోపలికి ఎట్ల అందుతది?"

"శాంసన్ ముట్టొద్దన్నడు గద సత్తయ్యా" అన్న నేను.

"శాంసన్‌కు పూజలు తెలుస్తయా వదినా? స్క్రూడ్రైవర్ ఇయ్యి మణెమ్మా."

నేను ఇంకో మాట అనాలె. అనలే. నిజం చెప్పాలంటే ఆ మూత కింద ఏమున్నదో చూడాలని నాకు గూడ మనసు గుంజింది. ఆయన పొడిచి పీకుతనే లోపలికెల్లి "స్స్..." అని గాలి వచ్చింది.

"సూసిన్రా! ఊపిరున్నది దీనికి! జీవమున్నది!" అని సత్తయ్య ఎగిరిండు. తర్వాత శాంసన్ చెప్తే తెలిసింది, తడి పోవద్దని కంపెనీ వాళ్లు లోపల నింపి పంపే గాలంట అది. ఈయనకు జీవమైంది.

రెండో మూత గూడ తీసిండు. పిడికెడు అక్షింతలు తీసుకొని, కండ్లు మూసుకొని చల్లిండు. కండ్లు మూసుకున్నది ఆయన, నేను గాదు. నాలుగైదు గింజలు ఆ పెద్ద నోట్ల పడ్డయి. నేను చూసిన. మణెమ్మ గూడ చూసింది.

"లోపల పడ్డయి గావచ్చు" అన్నది మణెమ్మ.

"పడితే మంచిదే. దీవెన లోపలికే పోయినట్టు" అన్నడు. బొటనవేలుతోని మూతలు ఒత్తి పెట్టిండు. కొబ్బరికాయ కొట్టి మాకు తలొక ముక్క ఇచ్చిండు. తిన్న.

సోమవారం షెడ్డుల శాంసన్ పని మొదలుపెట్టిండు. బెల్టు తీసిండు, పాత కంప్రెషర్ దించిండు, పైపులు మందు పోసి కడిగి గాలి కొట్టి ఆరబెట్టిండు. కొత్త డ్రయర్ సీసా పెట్టిండు. నేను కుర్చీల కూసొని ప్రతి ఒక్కటి అడిగిన, ఆయన ప్రతి ఒక్కదానికి జవాబు చెప్పిండు. ఆఖరుకు కొత్త కంప్రెషర్ చేతులకు తీసుకొని మూత తీసి ఆగిండు.

"గాలి చప్పుడు రాలే" అన్నడు. "పటేలా, మూతలు ఎవరన్న తీసిన్రా?"

"నాకేమన్న పిచ్చా?" అన్నడు సత్తయ్య.

శాంసన్ నా దిక్కు చూసిండు. నేను నా కొంగు సర్దుకున్న.

"అయితే లోపలి నూనె వంపి చూసి, మల్ల కొత్తది కొలిచి పోస్త."

"కంపెనీ పోసిన నూనె పారబోస్తవా? మస్తుగున్నదా నీకాడ? ఉన్నదున్నట్టు బిగియ్యి. బండి నాది, సామాను నాది. నీది పాన పట్టుకునుడే."

శాంసన్ దాని చక్రం పట్టుకున్నడు. చేతితోని తిప్పి చూసిండు, తిరిగింది. బిగించిండు. ముప్పావు గంట పంపు పెట్టి పైపులల్ల గాలంత గుంజిండు, గ్యాసు పట్టిండు. ఇంజన్ చాలు చేసి బటన్ నొక్కితే "టక్" మని పట్టుకున్నది. సల్లగాలి వచ్చింది. సత్తయ్య మొకం ఆ గాలికి అడ్డం పెట్టి, పెండ్లికొడుకోలె కూసున్నడు. ఇంతల శాంసన్ చెవి దగ్గర పెట్టి విన్నడు. నేను గూడ వంగి విన్న. సన్నగ "టిక్... టిక్..." అంటున్నది.

"పటేలా, లోపల ఏదో తగులుతున్నది. బండి ఈడ వదిలిపెట్టున్రి. రేపు ఇప్పి చూస్త."

"ఎల్లుండి లీడర్ కూసోవాలె. ఇప్పుతవా? కొత్త మిషన్ చప్పుడు చెయ్యదా? కొత్త చెప్పులు కిర్రుమంటలేవా?" అని బండి తీస్కొని పోయిండు. శాంసన్ అరిచి చెప్పిండు, "అయితే ఏసీ వెయ్యకున్రి పటేలా!" అని. ఆ మాట ఈయన చెవులకు పోలే. పోయినా ఆగేది గాదు.

బుధవారం ఆ పెండ్లికి మేము గూడ పోవాలె. వెనుక సీట్ల నేను, మణెమ్మ. మొయినాబాద్ల లీడర్ ఎక్కి ముందల కూసున్నడు. తెల్ల బట్టలు, కండ్లకు నల్లద్దాలు, చెవికి ఫోను. మాకు నమస్తే గూడ పెట్టలే. మేము ఓట్లున్నోళ్లమని ఆ నల్లద్దాలల్లకెల్లి కనవడ్తదో లేదో.

"ఏసీ బాగున్నది సత్తయ్యా" అన్నడు.

అంతే. సత్తయ్య ఫ్యాన్ ఒకటి నుంచి నాలుగుకు పెంచిండు. పెంచుకుంట అద్దంలకెల్లి నా దిక్కు చూసి మీసం తిప్పిండు, ఎక్కువ నల్లగున్న దిక్కు.

కనకమామిడి దాటినమో లేదో, ముందటికెల్లి పిల్లి తోక తొక్కినట్టు ఒక అరుపు. ఆ తర్వాత రబ్బరు కాలిన వాసన. బోనెట్ సందులకెల్లి పొగ. సల్లగాలి పోయి వేడిగాలి, వేడిగాలి పోయి పొగ. సత్తయ్య బండి పక్కకు ఆపి దిగి, బోనెట్ లేపి, చెయ్యి పెట్టి కాల్చుకున్నడు. ఎండ నడినెత్తి మీద ఉన్నది. లీడర్ దిగి ఐదు నిమిషాలు నిలబడ్డడు. తెల్ల అంగీ వీపుకు అతుక్కున్నది. అటుకెల్లి షేర్ ఆటో వచ్చింది, ఏడుగురున్నరు దాంట్ల. లీడర్ చెయ్యి ఎత్తి, డ్రైవర్ పక్కకు అర్ధం సీటు మీద ఎనిమిదో మనిషిగ ఎక్కిండు. ఎక్కుకుంట, "మంచిగ చూసుకున్నవ్ సత్తయ్యా" అన్నడు.

ఆటో ఇంకా మలుపు తిరగకముందే సత్తయ్య ఫోన్ తీసి లీడర్ మనిషికి చేసిండు. చెయ్యి కాలిన నొప్పి గూడ లేదు, మాట తయారుగ ఉన్నది. "నేను కొన్న కొత్త కంప్రెషర్ దాచుకొని, స్క్రాపుది బిగించిండు ఆ హిమాయత్‌నగర్ పోరడు. దొంగ!"

సాయంత్రానికి గేటు కాడ హోటల్ల పదిమంది ముందల అదే మాట. తెల్లారి పాల సెంటర్ కాడ అదే. శాంసన్ వచ్చి, "పటేలా, ఒక్కసారి ఇప్పి చూడనియ్యున్రి" అంటే, "మల్ల మార్చనీకా?" అని వాకిట్లకే రానియ్యలే.

రెండు దినాలైనంక షెడ్డు దిక్కు పోయిన. ఎప్పుడు రెండు మూడు కార్లుంటుండె, ఒక్కటి లేదు. ముందే టైం చెప్పుకున్న ఫాంహౌస్ డ్రైవర్లు ఇద్దరు, "మా సార్ వద్దంటున్నడు" అన్నరంట. శాంసన్ తుడిచిన పానలనే మల్ల తుడుస్తున్నడు.

"పన్నెండేండ్లు పనిజేసిన పెద్దమ్మా. పని రాదు అన్నోళ్లున్నరు, నేర్చుకున్న. దొంగ అని ఎవ్వరనలే" అన్నడు.

నిజం నాలుక చివరి దాంక వచ్చింది. "చూద్దాంతీ బిడ్డా" అని చెప్పి వచ్చిన. అంతకన్న ఉత్త మాట నేను పుట్టినకాడి నుంచి అనలే.

అటుకెల్లి అటే సత్తయ్య ఇంటికి పోయి అడిగిన. "మూతలు తీసినమని ఒప్పుకో. ఆ పిలగాని బతుకు పోతున్నది."

"ఏ మూతలు?" అన్నడు. ఇటు అటు చూసి, గొంతు తగ్గించి, "అక్షింతలు కలిపిందెవరు వదినా? తట్ట పట్టుకున్నదెవరు?" అన్నడు. బుర్ర లేదనుకున్న మనిషికి ఆ ఒక్క మాటకు మాత్రం బుర్ర పనిజేసింది. వెనుకకు తిరిగి ఇంటికొచ్చిన.

ఆయన ఆడనే ఆగితే శాంసన్ ఆగమైపోతుండె. గాని సత్తయ్య ఆగే రకం గాదు. దొంగతనం నిరూపిస్త అని ఆదివారం సాయంత్రం చేవెళ్ల నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించి, ఊరోళ్లను వాకిట్ల కూసోబెట్టి, శాంసన్‌కు గూడ కబురు పంపిండు. తన గొయ్యికి తనే పార పట్టుకొచ్చి, జనానికి కుర్చీలు గూడ వేసిండు.

మేస్త్రి కంప్రెషర్ దించిండు. ముందుగాల దాని మీది నంబరు చూసి, "డబ్బ ఉన్నదా?" అని అడిగిండు. మణెమ్మ డబ్బ తెచ్చింది. నంబరు నంబరు కలిసింది.

"ఇది నువ్వు కొన్నదే పటేలా. కొత్తదే. స్క్రాపు గాదు."

సత్తయ్య మీసం తడుముకున్నడు. "అయితే బిగించుడు రాక ఖరాబు చేసిండు. ఇప్పు."

ఇప్పిండు. లోపల రేకులసొంటివి ముక్కలై ఉన్నయి. నూనె నల్లగ ఉన్నది. ఆ నూనెల మేస్త్రి వేలు పెట్టి, ఒక నలిగిన గింజ తీసి, అంగీకి తుడిచి, వెలుతురుకు పట్టిండు. ఇంకోటి తీసిండు. అది సగం పసుపు పచ్చగనే ఉన్నది.

"ముప్పై ఏండ్ల సంది బండ్లు ఇప్పుతున్న. కంప్రెషర్ల బియ్యం చూసుడు ఇదే మొదలు" అన్నడు.

నేను సత్తయ్య మొకం చూసిన. సిగ్గు వస్తదనుకున్న. రాలే. ఉపాయం వచ్చింది.

"చూసిన్రా! వీడే పోసిండు! లీడర్ ముందల నన్ను బద్నాం చెయ్యనీకి బియ్యం పోసిండు!"

"శాంసన్ నీ బండికి అన్నప్రాసన చేసిండా పటేలా?" అని వెనుకకెల్లి ఎవరో అన్నరు. కొందరు నవ్విన్రు. నవ్వనోళ్లు మాత్రం శాంసన్ దిక్కు తిరిగి చూసిన్రు. అగొ, ఆ చూపులు చూసినంక నాకు కుర్చీల కూసొనుడు కాలే. గింజలు దొరికినా గాని, పోసిందెవరో ఆ గింజలు చెప్పవు గద. చెప్పేటోళ్లం ఇద్దరమే ఉన్నం.

"అక్షింతలు కలిపింది నేను" అన్న లేసి. "తట్ట పట్టుకున్నది నేను. స్క్రూడ్రైవర్‌తోని మూతలు పీకింది సత్తయ్య. లోపల పడ్డయంటే, దీవెన లోపలికే పోయిందన్నడు. సోమవారం శాంసన్ అడిగితే, నాకేమన్న పిచ్చా అన్నడు. చప్పుడొస్తున్నది ఆగున్రి అంటే ఆగలే. అన్నిట్ల నేను పక్కకే ఉన్న. చెప్పలే."

"వదినా, ఇంటి మనిషివై ఉండి..." అన్నడు సత్తయ్య.

అప్పుడు గడప కాడికెల్లి మణెమ్మ, "అక్క చెప్పింది నిజమే" అన్నది. పెద్దగ గూడ అనలే. ఐదేండ్లు వార్డు మెంబరుగ ఉండి, పదిమందిల ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

ఇగ సత్తయ్య ఏమన్నడో వినాలె. మామూలు మనిషైతే తల దించుకుంటడు. ఈయన కంప్రెషర్ దిక్కు చూసి, "అసలు కంపెనీ వాళ్లది తప్పు. నోరు అంత పెద్దగ పెట్టినప్పుడు జాలీ పెట్టొద్దా?" అన్నడు. మేస్త్రి చేతులు కడుక్కోనీకి పోయిండు. సత్తయ్య శాంసన్ దిక్కు తిరిగి, ఏం జరగనట్టు, "సరే, ఇంకోటి తెస్త. బిగియ్యి" అన్నడు.

శాంసన్ ముందటికి వచ్చిండు. "బిగిస్త పటేలా" అన్నడు. "హోటల్ కాడ పదిమందిల నన్ను దొంగ అన్నరు. ఆ పదిమందిలనే, కాదని చెప్పున్రి. చెప్పిన తెల్లారి బిగిస్త."

"నేనా? నీకా?" అని సత్తయ్య లోపలికి పోయి తలుపేసుకున్నడు. కుర్చీలు మణెమ్మ తీసింది.

ఇది జరిగి నెల దాటింది. ఆ రెండు ముక్కల మాట చెప్పుడు కన్న ఎండల మాడుడే నయమనుకున్నడు సత్తయ్య. నాలుగద్దాలు దించి, నెత్తి మీద తడి తువ్వాల వేసుకొని తిరుగుతున్నడు. షెడ్డు రాంగనే మొకం అటు తిప్పుతడు. ఒకనాడు అటు తిప్పి గేటు కాడ బర్రెను గుద్దబోయిండు. చేవెళ్ల మేస్త్రి మాత్రం, తన దగ్గరికి ఏసీ పని వస్తే, "నాకంత బాగ రాదు, ఎంకపల్లి గేటు కాడ శాంసన్ ఉన్నడు, పో" అని పంపుతున్నడు. ఫాంహౌస్ డ్రైవర్లు మల్ల వస్తున్నరు. నిన్న షెడ్డు ముందల నాలుగు కార్లున్నయి.

నేను గూడ పోయిన. శాంసన్ ఒక ఎర్ర కారు కింద పండుకొని ఉన్నడు. లేసొచ్చి కుర్చీ తుడిచి వేసిండు, మల్ల కిందికి దూరిండు. ఒక వంకర తిరిగిన వెండి గొట్టం నేల మీద ఉన్నది. అసొంటిది ఇంతకముందు చూడలే.

"ఇదేంది శాంసనూ?" అన్న.

"పైపు, పెద్దమ్మా."

ఇంకేమన్న చెప్తడని చూసిన. చెప్పలే. దేనికోసమో, ఎటు పోతదో, ఎందుకు వంకర తిరిగిందో, ఏం చెప్పలే. ఆనాడు ఆయన అడిగినప్పుడు కొంగు సర్దుకున్నది నేనే గద, ఇప్పుడేమని అడగాలె? కుర్చీల కూసున్న. ఎర్ర కారు కిందికెల్లి ఆయన కాళ్లు, ఒక చెప్పు మాత్రం కనవడ్తున్నయి. లోపల పాన తిరుగుతున్న చప్పుడు వినుకుంట, ఎండ దిగేదాంక ఆడనే ఉన్న.